తవ్వేది జానెడు, జల్లించేది బారెడు

(విశాఖపట్నంలో, తీరప్రాంత పురావస్తు పనిలో చేరదలచిన స్వచ్ఛంద కార్యకర్తల శిక్షణ తరగతి మొదటి రోజు చేసిన ప్రసంగ పాఠం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండమ్మా. బల్ల మీదున్నవి దగ్గర నుంచి చూస్తే తప్ప, పాత గుల్లల దిబ్బల గురించి ఈ పూట చెప్పేది బుర్రకెక్కదు.

ఇక్కడ రెండు పళ్ళేలు పెట్టాం. రెండింట్లోనూ గుల్లలే. ఎడమ పళ్ళెంలోవి ఆర్కే బీచ్‌లో అలల అంచున ఏరినవి. కుడి పళ్ళెంలోవి ఒక ఇంటి పెరట్లో, వండుకు తిన్నాక పారేసిన కుప్పలోవి. చేత్తో తీసి చూడండి. ఎడమవైపు వాటిలో గోరంతవీ ఉన్నాయి, అరచేయంతవీ ఉన్నాయి. రకరకాల జాతులు. అంచులు అరిగి నున్నబడ్డాయి. కొన్నింటికి గుండ్రటి బెజ్జం ఉంది. అంచు గరాటులా లోపలికి వాలిందంటే అది దండ గుచ్చుకోవడానికి మనిషి చేసింది కాదు, వేటాడే నత్త తొలిచి లోపలి మాంసం తినేసింది. ఇదిగో, ఈ చిప్ప లోపలి వైపు చూడండి, తెల్లటి పురుగు గొట్టాలు అతుక్కుని ఉన్నాయి. లోపలి జీవి చచ్చిపోయి, చిప్ప తెరుచుకుని, నీళ్ళలో చాలాకాలం పడి ఉంటే గానీ అక్కడ గొట్టం పుట్టదు. ఖాళీ చిప్పను ఎవరూ కూర వండుకోరు కదా.

ఇప్పుడు కుడి పళ్ళెం. ఒకటి రెండు జాతులే. అన్నీ ఇంచుమించు ఒకే సైజు, ఎందుకంటే ఏరినావిడ చిన్నవాటిని వదిలేసింది. అంచులు పదునుగా ఉన్నాయి, జాగ్రత్త, తెగుతాయి. కొన్నింటికి మసి. మధ్యలో బొగ్గు ముక్క, చేప ముల్లు, కాలి పగిలిన రాయి. సముద్రం వేసిన గుల్లల పొరకీ, మనుషులు వేసిన గుల్లల దిబ్బకీ తేడా మొత్తం ఈ రెండు పళ్ళేల్లో ఉంది. ఏ ఒక్క గుర్తునూ పట్టుకుని తీర్పు చెప్పకండి. బొగ్గు, కాలిన రాయి, తినే సైజు, లోపలి శుభ్రం, ఇవి కలిసి కనిపిస్తేనే దిబ్బ.

మన ఊళ్ళో మోసపోయే చోట్లు రెండున్నాయి. మొదటిది ఆర్కే బీచే. కోత పూడ్చడానికి హార్బర్ దగ్గర డ్రెడ్జింగ్ చేసిన ఇసుకను తెచ్చి ఇక్కడ పోస్తుంటారు. ఆ ఇసుకతో వచ్చిన గుల్లలకు ఈ ఒడ్డుతో సంబంధమే లేదు. రెండోది సున్నపు బట్టీ. మన పాత ఇళ్ళ గోడలకూ, తాంబూలానికీ గుల్ల సున్నమే వాడేవాళ్ళు. ఉప్పుటేళ్ళ పక్కన గుల్లలు పోగేసి కాల్చేవారు. అలాంటి కుప్పలో గుల్లలూ ఉంటాయి, బొగ్గూ ఉంటుంది, అచ్చం దిబ్బలాగే ఉంటుంది. కానీ ముద్దకట్టిన సున్నం గడ్డలు, మాడిన ఇటుక ముక్కలు ఉంటాయి, చేప ఎముక ఉండదు. బట్టీ దగ్గర ఎవడూ విస్తరేసుకుని తినడు కాబట్టి. (సభలో నవ్వులు)

నిజమైన దిబ్బలకు కూడా ఈ సున్నమే శత్రువు. తవ్వుకోడానికి తేలిక, ఎవరూ అడ్డుచెప్పరు. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో డమరిస్కోటా నది ఒడ్డున వేల్‌బ్యాక్ అని ఒక పెద్ద ఆల్చిప్పల దిబ్బ ఉండేది. 1880ల్లో దాన్ని తవ్వుకుపోయి, పొడిచేసి, కోళ్ళకు మేత కింద అమ్మేశారు.

ఇలాంటి దిబ్బల్ని డెన్మార్క్ వాళ్ళు తమ భాషలో వంటింటి పెంట అని పిలిచారు. జపాన్ వాళ్ళది గుల్లల గుట్ట అనే అర్థమొచ్చే మాట. 1848లో డెన్మార్క్‌లో వీటిని తేల్చడానికి వేసిన సంఘంలో ముగ్గురున్నారు: జంతుశాస్త్రం నుంచి స్టీన్‌స్ట్రప్, భూగర్భశాస్త్రం నుంచి ఫోర్క్‌హామర్, పురావస్తు నుంచి వోర్సే. ఇది కావాలని చెప్తున్నాను. ఒక్క శాస్త్రంతో తేలే పని కాదని 1848లోనే తెలుసు. 1877లో ఎడ్వర్డ్ మోర్స్ అనే అమెరికన్ జంతుశాస్త్రవేత్త యోకోహామా నుంచి టోక్యో వెళ్ళే రైలు కిటికీలోంచి, ఓమోరి దగ్గర పట్టాల కోసం కోసిన గట్టులో గుల్లల పొర చూశాడు. జపాన్‌లో శాస్త్రీయ పురావస్తు తవ్వకం అక్కడ మొదలైందంటారు. మనకు దగ్గరలో చెప్పాలంటే, మన హార్బర్లో ఓడెక్కితే దిగే అండమాన్. అక్కడి చౌల్దారి దిబ్బను పురావస్తు శాస్త్రవేత్త జరీన్ కూపర్ తవ్వారు. దాని అడుగు పొరలు దాదాపు 2,200 ఏళ్ళ నాటివి.

మరి మన తీరంలో ఎక్కడ చూడాలి? ముందు సముద్రం సంగతి చూసుకోవాలి. సుమారు 20,000 ఏళ్ళ కిందట, మంచుయుగం ముదిరినప్పుడు, సముద్రమట్టం ఇప్పటికన్నా 120 మీటర్లదాకా కిందుండేది. ఆనాటి ఒడ్డు ఇప్పుడు నీళ్ళ అడుగున ఉంది. నీళ్ళు ఇంచుమించు ఇప్పటి మట్టానికి చేరింది ఆరేడు వేల ఏళ్ళ కిందట. కాబట్టి ఒడ్డున నడుస్తూ వెతికేవాళ్ళకు అంతకన్నా పాత దిబ్బ తగలడం అరుదు. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల్లో దొరికిన సూక్ష్మశిలా పనిముట్లు, అంటే పాతకాలం మనుషులు చెక్కిన చిన్న చిన్న రాతి పనిముట్లు, మీలో చాలామంది చూసే ఉంటారు. రాయి ఆ మట్టిలో ఉండిపోతుంది, ఎముక నిలవదు. గుల్లల దిబ్బ విలువ ఇక్కడే. గుల్లలోని సున్నం చుట్టూ ఉన్న మట్టి పులుపును విరిచేస్తుంది, అందుకని చేప ముల్లు కూడా వేల ఏళ్ళు ఉంటుంది.

వెతికేటప్పుడు తెరిచిన ఇసుక బీచి మీద కాళ్ళరిగేలా తిరగకండి. తినే గుల్లలు దండిగా పెరిగేది ఏటి మొగల్లో, ఉప్పుటేళ్ళలో, మడచెట్ల బురదల్లో. భీమిలి దగ్గర గోస్తనీ మొగ చూడండి. ఇప్పటి మొగను కాదు, మొగ జరగక ముందు ఏరు పారిన పాత దారిని వెతకాలి. ఆ దారి మ్యాపు కన్నా ముందు ఊళ్ళో పెద్దవాళ్ళు చెప్తారు. ఫలానా తుఫానుకు ముందు మొగ ఎటుండేదో, ఏ గుల్ల ఎక్కడ దొరికేదో అడిగి రాసుకోండి. ఉప్పుటేట్లో గుల్లలేరే ఆడవాళ్ళను తప్పకుండా అడగండి, ఎందుకో గానీ మన సర్వే ఫారాల్లో వాళ్ళ గడి ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది.

ఇప్పుడు చట్టం. త్వరగా చెప్పేస్తాను, కానీ ఇది దాటితే మిగతాదంతా నేరమవుతుంది. పురావస్తు స్థలాల మీద కేంద్రానిది 1958 చట్టం, రాష్ట్రానిది 1960 చట్టం. పురావస్తు శాఖ అనుమతి లేకుండా తాపీ దించకూడదు. అనుమతి అర్హత ఉన్న సంస్థకిస్తారు, ఊరి యువజన సంఘానికివ్వరు. మనం ఆ సంస్థ కింద పనిచేస్తాం. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ ఉంది, భూమిలో దొరికిన దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. మనిషి ఎముక కనిపిస్తే చెయ్యి వెనక్కి తీసేసి, గుడ్డ కప్పి, పని ఆపి, బాధ్యుల్ని పిలవాలి. ఈ దిబ్బల్లో సమాధులు అరుదేం కాదు.

అనుమతి వచ్చేదాకా చేతులు ముడుచుకు కూర్చోనక్కర్లేదు. మెయిన్ తీరంలో మిడెన్ మైండర్స్ అనే కార్యకర్తలున్నారు, వాళ్ళు తవ్వరు. తలా ఒక దిబ్బను చూసుకుంటూ, కోత ఎంత జరిగిందో కొలుస్తారు, ఫొటో తీస్తారు. మనకూ అదే పద్ధతి. గట్టు అంచుకు బాగా వెనకగా, కదలని గుర్తులు రెండు చూసుకోండి, కొబ్బరి చెట్టు కాదు, బండ గానీ కట్టడం మూల గానీ. వాటి నుంచి అంచుకు టేపుతో దూరం. నెలకొకసారి, ప్రతి వాయుగుండం తర్వాత ఒకసారి. ఫొటో అదే చోట నిలబడి, స్కేలు పెట్టి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఒక్క రోజులో మన ఒడ్డుకు ఏం చేసిందో మీకు చెప్పక్కర్లేదు, అందుకే ముందటి కొలత చేతిలో ఉండాలి.

ఇక తవ్వకం. అందరికీ హుషారు ఇక్కడే, తప్పులు జరిగేదీ ఇక్కడే. మీటరు బై మీటరు గుంట ఒకటి చాలు. ఒకే ఒకటి. ఎందుకో లెక్క చూపిస్తాను. 5 సెంటీమీటర్ల లోతుకు ఒక తీత అనుకుందాం. 1 మీటరు, 1 మీటరు, 5 సెంటీమీటర్లు: 50 లీటర్లు. పది లీటర్ల బకెట్లు 5. తీరా తవ్వాక ఆ 5 కాస్తా 6, 7 అవుతాయి, గుల్లలు వదులై ఉబ్బుతాయి కాబట్టి. అందుకే ఘనపరిమాణం గుంటను కొలిచి రాయాలి, బకెట్లు లెక్కేసి కాదు. 60 సెంటీమీటర్ల దిబ్బయితే 12 తీతలు, 600 లీటర్లు. నలుగురు జాగ్రత్తగా తవ్వితే నాలుగైదు రోజుల పని. కానీ ఒక్క బకెట్ మట్టిని 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, మిగిలినదాన్ని ఏరడానికి ఇద్దరికి రమారమి ఒక పూట పడుతుంది. అరవై బకెట్లంటే అరవై పూటలు. రెండు గుంటలు తవ్వేస్తే ఆ బస్తాలు ఎవరి వరండాలోనో మగ్గిపోతాయి. ఏరని బస్తా కన్నా తవ్వని దిబ్బే మేలు, అది కనీసం ఉన్నచోట ఉంటుంది.

సామాను చాలావరకు మేస్త్రీ దగ్గర దొరికేదే. తాపీ, పురికొస, మేకులు, రసమట్టం, తూకం గుండు, గమేళా, నీళ్ళు నింపిన ప్లాస్టిక్ గొట్టం. లెవెలింగ్ యంత్రం లేనప్పుడు ఈ గొట్టంతోనే మట్టం తీయొచ్చు, లోపల గాలి బుడగ లేకుండా చూసుకుంటే చాలు. కదలని ఒక బిందువు పెట్టుకుని ప్రతి లోతూ దాని నుంచే కొలవాలి. నేల మీది నుంచి కొలవకండి, మీ కాళ్ళ కిందే నేల దిగిపోతుంది.

5 సెంటీమీటర్ల తీత అన్నాను గానీ, మధ్యలో పొర మారితే తీత అక్కడే ఆపేయాలి. గుల్లల పొర పోయి బూడిద వచ్చిందా, 3 సెంటీమీటర్లకే ఆగండి, కొత్త బకెట్, కొత్త చీటీ. రెండు పొరలు ఒకే బకెట్లో పడితే ఇక వాటిని విడదీసే మొనగాడు లేడు. రంగు కన్నా చెవి ముందు చెప్తుంది, తాపీ గుల్లల మీద గరగరమంటుంది, బూడిదలో మెత్తగా పోతుంది. పొర వాలుగా ఉంటే మీరూ వాలుగానే పోవాలి.

పీత బొరియలు చూసుకోండి. గుండ్రంగా, వదులు ఇసుకతో, ఏటవాలుగా దిగుతాయి. దాన్ని ముందు విడిగా ఖాళీ చేసి విడి సంచిలో వెయ్యండి. లేకపోతే నాలుగు వేల ఏళ్ళ పొరలో బీడీ ముక్క దొరికిందని రాయాల్సొస్తుంది. సరుగుడు వేళ్ళూ అంతే, వేరు పక్కన దొరికిన బొగ్గును కాలనిర్ణయానికి పంపకండి.

అన్నిటికన్నా ప్రమాదం గోడ. గుల్లలు పట్టుండవు, ఎండితే ఇసుకలా జారతాయి. గుంట అంచున ఎవరూ కూర్చోకూడదు, నిలబడాలంటే చెక్క పలక వేసుకోండి. నడుము లోతు దాటేలోపే మెట్టు తీసి గుంటను వెడల్పు చెయ్యాలి, ఒంటరిగా ఎవరూ లోపల ఉండకూడదు. సాయంత్రం గోడ మీద తడి గోనె పట్టా కప్పండి.

గుంట పూర్తయ్యాక గోడలో కనిపించే పొరల బొమ్మ గీసుకుని, ఆ గోడలోంచి 25 బై 25 సెంటీమీటర్ల స్తంభం ఒకటి పైనుంచి కిందకు తీయండి. ఒక్కో తీతకు 3 లీటర్ల చిల్లర వస్తుంది, మొత్తం 38 లీటర్ల లోపే. దీంట్లో గింజ కూడా పారేయకూడదు. గుంటలోని మిగతా మట్టి 6 మిల్లీమీటర్ల జల్లెడకు, ఈ స్తంభం 2కూ, ఆ కింద 1కీ పోతుంది. అప్పుడు అరవై పూటల పని చేతిలో పట్టేంత అవుతుంది.

జల్లెడ సైజు మీద ఇంత పట్టుదల ఎందుకో ఈ సీసాలో చూడండి. ఇవి నెత్తళ్ళ వెన్నుపూసలు. ఫిషింగ్ హార్బర్లో కొని, ఉడకబెట్టి తీసినవి. 6 మిల్లీమీటర్ల జల్లెడలో వేస్తే ఒక్కటీ మిగలదు. ఇదేమో జెల్ల చేప చెవిరాయి, అంటే చెవి లోపల ఉండే గట్టి బిళ్ళ, శనగ గింజంత ఉంది, ఇది ఆగుతుంది. అంటే ముతక జల్లెడ పట్టినవాడు ఆ కాలంలో జనం జెల్లలే తిన్నారనీ, లోతు నీళ్ళలో వేటాడారనీ పెద్ద సిద్ధాంతం రాసేస్తాడు. వాళ్ళు తిన్న నెత్తళ్ళు, కవళ్ళు జల్లెడ కింద ఇసుకలో ఉంటాయి. అచ్చయిన సిద్ధాంతాల్లో కొన్నింటికి పునాది ఈ జల్లెడ కన్నమే.

జల్లించేది మంచినీళ్ళతో. సముద్రం పక్కనే ఉంది కదా అని ఉప్పునీళ్ళు వాడితే, ఆరేటప్పుడు ఎముక లోపల, కుండపెంకు లోపల ఉప్పు స్ఫటికాలు కట్టి చీల్చేస్తాయి. ఆరబెట్టడం నీడలో. కాల్చిన గింజల కోసం మట్టిని జల్లెడకు ముందు బకెట్ నీళ్ళలో కలిపి, పైకి తేలినదాన్ని పల్చటి మల్లు గుడ్డలో వడకట్టండి. కాలనిర్ణయం బొగ్గు చేత్తో ముట్టకూడదు, పటకారుతో తీసి అల్యూమినియం రేకులో చుట్టాలి. కాగితం, దూది వద్దు, వాటిలోనూ కార్బనే కదా.

చీటీలు రెండు, సంచి లోపల ఒకటి, బయట ఒకటి. పెన్సిలుతో రాయండి. మార్కరు రాత ఎండకు వెలిసిపోతుంది, బాల్ పెన్ను తడికి పాకుతుంది. సంచి ఒకదాంట్లో ఒకటి పెట్టండి, గుల్ల అంచు పాలిథిన్‌ను కోసేస్తుంది. తడి మట్టి కట్టేసిన సంచిలో రెండు రోజులుంటే బూజు.

ఇక లెక్క. ముక్కలన్నీ లెక్కపెట్టకూడదు. రెండు చిప్పల గుల్లకు కీలున్న ముక్కనే లెక్కపెడతాం, నత్తకు కొసనే. మెరెట్రిక్స్, ఇదిగో ఈ నున్నటి గుల్ల. కీలు పైకి, లోపలి వైపు మీకు కనపడేలా పట్టుకోండి. అంచుకు సమాంతరంగా ఒక గీత పోతుంది, ఒక పక్క కాస్త లోపలికి నొక్కుకుపోతుంది. ఆ నొక్కు మీ ఎడమకుంటే ఎడమ చిప్ప, కుడికుంటే కుడి చిప్ప. ఎడమలు, కుడులు విడివిడిగా లెక్కేసి, ఏది ఎక్కువైతే అది కనీస సంఖ్య. పై పొరలో 40 ఎడమలు, 55 కుడులు అనుకోండి, కనీసం 55 గుల్లలు. కింది పొరలో 60, 45. కనీసం 60. మొత్తం 115. ఇప్పుడు ఎవరో సంచులు కలిపేశారు. 100 ఎడమలు, 100 కుడులు, కనీస సంఖ్య 100కి పడిపోయింది. పదిహేను గుల్లల్ని ఎవరూ దొంగిలించలేదు, చీటీ పోయిందంతే. పొరలు ఎలా కలిపి లెక్కేశారో రాయని అంకెను నమ్మొద్దని అందుకే అంటాం.

జాతుల పాళ్ళు కూడా చూడాలి. అనదారా, ఈ గాడుల గుల్ల, బురదలో పెరుగుతుంది. మెరెట్రిక్స్‌కు ఇసుక కావాలి. కింది పొరలో గాడులవీ పై పొరలో నున్నవీ ఎక్కువైతే, తినేవాళ్ళ రుచి మారిందనుకునే ముందు బురద ఇసుకైందేమో చూడండి. సైజు తగ్గినా అంతే, ఎక్కువ ఏరెయ్యడం ఒక కారణం మాత్రమే.

(సభలో ఒకరు: గుల్లనే కార్బన్ డేటింగ్‌కి పంపొచ్చు కదండీ, బొగ్గు దేనికి?)

పంపొచ్చండీ. కాకపోతే సముద్రపు నీటిలో పాత కార్బన్ కలిసి ఉంటుంది. అందుకని పాత గుల్ల దాని అసలు వయసు కన్నా సగటున 400 ఏళ్ళ ముసలిదానిలా లెక్కకొస్తుంది. ఏటి మొగలో ఈ తేడా చోటును బట్టి మారుతుంది. అందుకే ఒకే పొరలోంచి గుల్లనూ బొగ్గునూ జంటగా పంపుతాం. బొగ్గు సన్న పుల్లదో గింజదో కావాలి. పెద్ద మాను నడిమధ్య బొగ్గయితే, పొయ్యిలో పెట్టేనాటికే ఆ చేవకు వందేళ్ళుంటాయి. కాలిన గుల్ల వద్దు, వేడికి దాని స్ఫటికమే మారిపోతుంది.

ఎప్పుడు తవ్వాలి? జనవరి, ఫిబ్రవరి. అక్టోబరు, నవంబరు తుఫాన్లవి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి మత్స్యకార కుటుంబాలు ఒడ్డున ఉంటాయి, అప్పుడు తవ్వుదామని చాలామందికి ఆశ పుడుతుంది. ఆ ఎండలో గుంట గోడ నిలవదు, మనిషీ నిలవడు. ఆ 61 రోజులు ఏరే పనికి వాడండి, నీడన కూర్చుని చేసేది. చేప ఎముకను చూడగానే ఇది ఫలానా అని చెప్పగలిగే చేతులు ఈ గదిలో కన్నా పెదజాలరిపేటలో ఎక్కువ. అయితే వాళ్ళకు కూలీ ఇవ్వాలి. సమాజ భాగస్వామ్యం అని బ్యానరు కట్టి, జీతమున్నవాళ్ళు జీతం తీసుకుంటూ, రోజు గడవనివాళ్ళ చేత శ్రమదానం చేయించడం నాకు నచ్చదు. దరఖాస్తు బడ్జెట్లో ముందు ఆ గడి నింపండి.

రేపు పొద్దున 6 గంటలకు నమూనా గుంట. ఇసుక, గుల్లలు, బూడిద, ఎర్రమట్టి పొరలుగా వేసి పూడ్చి ఉంచాం. దాంట్లో 50 నెత్తళ్ళ వెన్నుపూసలు, మాడ్చిన గసగసాలు 100 లెక్కపెట్టి కలిపాం. ఎన్ని తిరిగి వచ్చాయో సాయంత్రానికి ప్రతి జట్టూ రాసివ్వాలి. తక్కువొస్తే తిట్టం, ఎక్కువొస్తే మాత్రం అడుగుతాం. (నవ్వులు)

ఎల్లుండి పూడ్చడం. అది కూడా నేర్చుకోవాల్సిందే. లెక్కయిపోయిన గుల్లలను చీటీతో సహా సంచుల్లో కట్టి గుంట అడుగునే పెడతాం. వాటి కిందా గోడల వెంబడీ నైలాన్ వల పరిచి, ఈ ఏడాది వేసిన రూపాయి బిళ్ళ ఒకటి దాని మీద ఉంచి, పైన ఇసుక పోస్తాం. తర్వాత ఎప్పుడో తవ్వేవాళ్ళకు మన గుంట ఎక్కడ ముగిసిందో, అసలు దిబ్బ ఎక్కడ మొదలైందో ఆ బిళ్ళ చెప్తుంది. బిళ్ళ మీరే తెచ్చుకోండి, సంవత్సరం చూసి.